ఆకు రాలకముందే పాతిన ద్రాక్ష

శీతాకాలంలో ఏ ఊరికి వెళ్ళినా పెరళ్ళలోకి తొంగిచూడటం నాకు పాత అలవాటు. చలిదేశంలో ద్రాక్ష పెంచే ఇల్లయితే ఇట్టే తెలిసిపోతుంది. పందిరి బోడిగా నిలబడి ఉంటుంది. దాని కింద మనిషి పొడవున ఒక మట్టిదిబ్బ ఉంటుంది. తెలియనివాళ్ళు సమాధేమో అనుకుని గొంతు తగ్గించి మాట్లాడతారు. అలాంటి దిబ్బలు దోన్ నది ఒడ్డున చూశాను, ఖీవాలో చూశాను, చైనా సరిహద్దు దాటాక ఇసుక ఊళ్ళలో కూడా చూశాను. ఈ చలి నేలల్లో ద్రాక్ష సగం ఏడు మట్టికిందే బతుకుతుంది. ఎప్పుడో చైనా రాయబారులు ఫెర్గనా నుంచి గుర్రాలతో పాటు ద్రాక్షని కూడా పట్టుకుపోయారని పుస్తకాల్లో ఉంది గానీ, మొదటి చలికాలం దాన్ని ఎలా కాపాడుకున్నారో నాకు ఎక్కడా కనిపించలేదు. చరిత్ర రాసేవాళ్ళకి పార పట్టే పని మీద అంత శ్రద్ధ ఉండదు.

ఇన్ని దిబ్బల్లో కళ్ళు మూసుకున్నా నాకు కనిపించేది ఒక్కటే. కజాకుల నేలలో, కరతావ్ కొండల కింద అక్‌బులాక్ అనే రైల్వే ఊళ్ళో, లాజర్ మవ్రిదీ పెరట్లోది.

ఆ రోజుల్లో నేను బోరుబావులు తవ్వే బృందంతో స్టెప్పీ గడ్డిమైదానమంతా తిరిగేవాణ్ణి. నేల గడ్డకట్టి పని ఆగిపోగానే అక్‌బులాక్ వచ్చి లాజర్ వంటగది పక్కన ఉన్న చిన్నగదిలో దిగేవాణ్ణి. ఆ గదిలో నాకూ నా పుస్తకాలకూ తోడు రెండు పెద్ద గాజు జాడీలు. వాటిలో కొత్త ద్రాక్షరసం పులుస్తూ ఉండేది. జాడీ మూతికి ఒక రబ్బరు చేతితొడుగు బిగించి కట్టేవాడు లాజర్. రసం పొంగుతున్నన్నాళ్ళూ ఆ తొడుగు గాలి నిండి, మీటింగులో చెయ్యెత్తిన సభ్యుడిలా నిటారుగా నిలబడేది. పులియడం ఆగాక మెల్లగా వాలిపోయేది. అప్పుడు వైన్ తయారైనట్టు లెక్క. పొద్దున లేవగానే నా ముందు రెండు చేతులు ఎత్తి ఉండేవి. ఇంత ఏకగ్రీవంగా నన్ను ఎవరూ ఆమోదించలేదు జీవితంలో.

లాజర్ గ్రీకువాడు. వాళ్ళది నల్లసముద్రం ఒడ్డున, చలికాలంలో కూడా నిమ్మచెట్లు పచ్చగా ఉండే ఊరు. పందొమ్మిది వందల నలభై తొమ్మిది వేసవిలో ప్రభుత్వం వాళ్ళు ఆ తీరపు గ్రీకుల్ని ఇంటిల్లిపాదినీ సామాన్ల రైళ్ళలో ఎక్కించి ఈ కజాకు నేలకి పంపేశారు. సర్దుకోవడానికి ఇచ్చిన కాస్త వ్యవధిలో జనం కుట్టుమిషన్లూ పరుపులూ దేవుడి పటాలూ మూటకట్టుకున్నారు. లాజర్ తల్లి దెస్పీనా మాత్రం పెరట్లోకి వెళ్ళి, తల్లితీగ పక్కన వేరుపట్టిన పిల్లతీగని మట్టితో సహా పెళ్ళగించి నీళ్ళ బకెట్లో పెట్టుకుంది. ఇసాబెల్లా జాతి. పండు నల్లగా, తోలు మందంగా ఉంటుంది, గదిలో గుత్తి పెడితే ఇల్లంతా వాసన. రైల్లో మనుషులకే నీళ్ళు కొలిచి పోస్తున్నారు. ఆవిడ తన వాటాలోంచి రోజూ సగం బకెట్లో పోసేదట. కాపలా సైనికుడొకడు, "ముసలమ్మా, పోయేచోట పాలకంటే నీళ్ళకి కరువు, అది బతకదు" అన్నాడట. "నేను బతుకుతానని నీకు ఎవరు చెప్పారు నాయనా, నన్ను మాత్రం మోసుకుపోవటం లేదూ" అందట ఆవిడ.

అక్‌బులాక్ స్టేషన్లో దించినప్పుడు ఊళ్ళో కజాకులు ఇంటికొక కుటుంబాన్ని పంచుకున్నారు. లాజర్‌ వాళ్ళు పడింది ఉల్‌బోసిన్ అత్తగారింట్లో. ఉల్‌బోసిన్ అప్పటికి కొత్త కోడలు. ఆ పేరుకి 'ఈసారి కొడుకు పుట్టాలి' అని అర్థం. వరసగా ఆడపిల్లలు పుట్టిన ఇంట్లో విసిగిపోయి పెట్టే పేరు అది. కజాకు కోడలు మామగారి పేరు, బావగార్ల పేర్లు, మరుదుల పేర్లు నోటితో పలకదు. ప్రతివాళ్ళకీ తనే ఒక మారుపేరు పెట్టుకోవాలి. గ్రీకు కుర్రాడు రెండు చేతులతో బకెట్టు పొదువుకుని గడప దాటుతుంటే అత్తగారు "వీడూ మన ఇంటివాడే అనుకో" అన్నదట. ఆ ఒక్క మాటతో లాజర్ ఆవిడకి మరిది అయిపోయాడు, పేరు పలకరాని మనిషి అయిపోయాడు. ఆ క్షణంలో చేతిలో ఏముందో అదే పేరు అయింది. బకెట్టు మరిది. లాజర్ ఆవిడని వదినా అనేవాడు. వదినా మరుదుల మధ్య వేళాకోళం అక్కడ కూడా హక్కే. ఆ హక్కుని ఇద్దరూ ముప్పై ఆరేళ్ళు ఒక్కరోజు కూడా వదులుకోలేదు.

మొదటి చలికాలం బకెట్టు ఇంట్లోనే, పొయ్యి పక్కన, కొత్తగా పుట్టిన గొర్రెపిల్లల మధ్య గడిచింది. గొర్రెపిల్ల ఒకటి ఉన్న నాలుగు ఆకులూ తినేసింది. దెస్పీనా ఆ రోజంతా ఎవరితోనూ మాట్లాడలేదట. మర్నాడు ఆ గొర్రెపిల్లకి 'కమిషనర్' అని పేరు పెట్టిందట. వసంతంలో తీగని నేలలో నాటారు. చలికి పాతిపెట్టడం సముద్రపు ఒడ్డు మనిషికి తెలియదు. స్టేషన్లో పనిచేసే ఒక ఉజ్బెక్ పెద్దాయన వచ్చి దగ్గరుండి చెప్పాడు. ఆకు పూర్తిగా రాలాలి. తీగని పందిరి మీంచి దించి నేలమీద పడుకోబెట్టాలి. రెండు మూడు మంచులు తిననివ్వాలి, చలి అంటే ఏమిటో దానికి తెలియాలి. ఆ తర్వాతే కాలవలో పెట్టి, పైన రెల్లు, రెల్లు మీద పాత ఉన్ని కంబళి, కంబళి మీద మట్టి. ఆకుతో పాతితే ఆకు కుళ్ళుతుంది, ఆకుతో పాటు కళ్ళూ కుళ్ళుతాయి. కళ్ళు అంటే కణుపు కణుపునా ఉండే మొగ్గలు. దెస్పీనాకి కజాకు రాదు, ఉల్‌బోసిన్‌కి గ్రీకు రాదు. అత్తాకోడళ్ళలా ఇద్దరూ మోకాళ్ళ మీద కూర్చుని సైగలతోనే ఆ పని నేర్చుకున్నారు. కంబళి ఉల్‌బోసిన్ పెళ్ళిలో వచ్చింది.

మొదటి గుత్తి పండకముందే దెస్పీనా పోయింది. పోయేముందు కొడుకుని అడిగింది ఒక్కటే. ఏటా ఈ తీగ వైన్ ఒక గ్లాసు తన సమాధి మీద పొయ్యమని. "ఈ ఊరి నీళ్ళు ఉప్పగా ఉన్నాయిరా, ఎంత తాగినా దాహం తీరటం లేదు" అన్నదట. అప్పటినుంచీ ప్రతి వసంతంలో, తీగని లేవనెత్తిన రోజున, మొదటి గ్లాసు ఆవిడకి. అది ఒక్క ఏడు తప్పినా తను కొడుకు కింద లెక్క కాడని లాజర్ నమ్మకం. ఇల్లు వేరే కట్టుకున్నాడు, పెళ్ళయింది, భార్య పోయింది, కూతురు జంబూల్ పట్నంలో కాపురం పెట్టింది. ఆ గ్లాసు మాత్రం తప్పలేదు.

వేరే ఇల్లంటే ఎంతో దూరం కాదు. తీగ నాటిన చోటే, ఉల్‌బోసిన్ ఇంటి గోడని ఆనుకునే. గోడ ఎప్పుడూ తగాదాకి ఆధారమే. తీగ పెద్దదై ఒక కొమ్మ గోడ దాటి అవతలికి వాలింది. ఆ కొమ్మ పండ్లకి కందిరీగలు వచ్చేవి. ఉల్‌బోసిన్ గోడ మీంచి తల పెట్టి, నీ చుట్టాలొచ్చారు, టీ పొయ్యమంటావా, అనేది. లాజర్ తీపి ఉన్న చోటికే ఎవరైనా వస్తారని, నీ కుమీస్ చుట్టూ ఈగలు కూడా తిరగవని జవాబిచ్చేవాడు. గుర్రపుపాల కుమీస్‌ని ఆవిడ ముందు అంత మాటనడానికి ఊళ్ళో ఇంకెవరికీ ధైర్యం లేదు. శరత్కాలంలో పాతిపెట్టే ముందు ఆ కొమ్మని గోడ మీంచి ఇవతలికి అందించడం ఆవిడ పని. వసంతంలో ఆప్రికాట్లు పూసినప్పుడు, మబ్బుపట్టిన రోజు చూసుకుని, తీగని ఇద్దరూ కలిసి ఎత్తేవాళ్ళు. లాజర్ వైన్ గ్లాసు, ఉల్‌బోసిన్ టీ గిన్నె. మందు ఆవిడ పెదవికి తగలలేదు ఎన్నడూ. ఏటా ఒకే హాస్యం. గిన్నె ఎత్తి చూపించి, "నాది నీదానికంటే నల్లగా ఉంది చూడు" అనేది.

ఎనభై నాలుగు శరత్కాలంలో ఆవిడ ఆ కొమ్మ అందించలేదు. నా నడుము గోడ దాకా లేవదు, నా వైపు పడింది నా ఇష్టం, అని కోళ్ళగూడు వెనక వంచి, తనే మట్టి కప్పేసింది. లాజర్ నవ్వి ఊరుకున్నాడు. ఇప్పటికి ఆ సంగతి ఇక్కడ వదిలేస్తాను.

మరుసటి ఏడు మందు మీద కట్టడి చట్టం వచ్చింది. జనం దాన్ని పొడిచట్టం అనేవాళ్ళు. దేశం మొత్తం మీద ద్రాక్షతోటలు నరికేస్తున్నారని కబుర్లు. నరికిన మాట నిజమే. ఎక్కడ ఎంత అన్నది ఎవరికి తోచింది వాళ్ళు చెప్పేవాళ్ళు. నేను బాయ్‌కదామ్ దగ్గర పనిలో ఉండగా ఒక లారీ డ్రైవరు, ఇళ్ళల్లో పందిళ్ళు కూడా కొట్టేస్తున్నారని ప్రమాణం చేసి చెప్పాడు. ఏ ఊళ్ళో అని అడిగితే పక్క జిల్లా అన్నాడు. పుకారు సొంత ఊరు ఎప్పుడూ పక్క జిల్లాయే.

అక్‌బులాక్‌లో ఊరి కమిటీ మీటింగు పెట్టారు. కమిటీలో ఆడవాళ్ళ తరఫున ఉల్‌బోసిన్ ఉంది. చదవడం బాగా వచ్చు గనక పైనుంచి వచ్చిన కాగితం ఆవిడ చేతే చదివించారు. ఇళ్ళల్లో మత్తుపానీయాలు తయారుచేసేవాళ్ళని కనిపెట్టి చెప్పాలని దాంట్లో ఉంది. చదివాక అందరితో పాటు ఆవిడా చెయ్యెత్తింది. వెనక బల్ల మీద కూర్చున్న లాజర్‌కి ఆ చెయ్యి ఒక్కటే కనబడింది. అంతకుముందు వేసవిలో కందిరీగల గురించి కమిటీకి ఫిర్యాదు చేస్తానని ఆవిడ వేళాకోళంగా అన్న మాట గుర్తొచ్చింది. ఒకసారి రైలెక్కించబడ్డ మనిషికి కాగితం చదివే గొంతు ఎవరిదైనా ఒక్కలాగే వినిపిస్తుంది. అది తప్పని నేను అనలేను.

చక్కెరదుంపలు తవ్వే రోజులవి. ఊరంతా పొలంలో ఉంది. లాజర్ నడుం పట్టేసిందని ఇంట్లో ఉండిపోయాడు. ద్రాక్ష కోసి రసం జాడీల్లో పోసేశాడు. తీగ నిండా ఆకులు ఇంకా పచ్చగానే ఉన్నాయి. ఆ పగలే తీగని పందిరి మీంచి లాగేసి, ఆకులతో సహా చుట్టచుట్టి, కాలవలో తొక్కి, కంబళి వేసి మట్టి కప్పేశాడు. గోడ అవతలికి పోయిన కొమ్మ ఎంత లాగినా రాలేదు. కత్తి తీసి గోడ దగ్గర కోసేశాడు. దిబ్బ మీద పిడకలు పేర్చాడు. పందిరి వాసాలకి ఉల్లిపాయల జడలు వేలాడదీశాడు, అదేదో ఉల్లిపాయల కోసమే కట్టిన పందిరి అన్నట్టు.

సాయంత్రం పొలం నుంచి వచ్చిన ఉల్‌బోసిన్‌కి గోడ మీద కోసిన కొమ్మ కనిపించింది. తల పెట్టి చూసింది. యంత్రం పాడై ఆ ఏడు మా పని ముందే ఆగిపోయింది, నేను ఆ మధ్యాహ్నమే ఊళ్ళోకి దిగాను, గుమ్మంలో బూట్లు విప్పుకుంటున్నాను.

"ఏంటి బకెట్టు మరిదీ, ఆకు పచ్చగా ఉండగానే పూడ్చేశావు. బతికున్న మనిషికి దినం పెట్టినట్టుంది."

లాజర్ పార కడుగుతూ తలెత్తలేదు. "మీకెందుకండీ కామ్రేడ్ కమిటీ సభ్యురాలు గారూ. వెళ్ళి కాగితంలో రాసుకోండి."

వదిన పోయి కామ్రేడ్ రావడం, నువ్వు పోయి మీరు రావడం, ఆవిడకి కర్రతో కొట్టినట్టయింది. తల దించుకుని వెళ్ళిపోయింది. కోళ్ళని తిట్టడం వినిపించింది.

తనిఖీ బృందం నిజంగానే వచ్చింది, ఆ వారంలోనే. జిల్లా నుంచి ఒక బక్కపలచటి అధికారి, తోడుగా ఇద్దరు. కమిటీ తరఫున ఇల్లు చూపించే పని ఉల్‌బోసిన్‌ది. ఎవరి ఇల్లు ఇది అని అధికారి అడిగితే ఆవిడ ఇబ్బందిపడింది. పేరు చెప్పకూడదు కదా. బకెట్టు వాళ్ళది, అన్నది. అధికారి కాగితంలో చూసుకుని బకెట్టు అనే ఇంటిపేరు లేదే అన్నాడు. నేను కల్పించుకుని చెప్పాల్సొచ్చింది.

పెరట్లో పిడకల కింద దిబ్బ కనిపెట్టాడు ఆయన. కింద ఏముంది అన్నాడు. లాజర్ ముఖంలో రక్తం లేదు. ఉల్‌బోసిన్ ముందుకొచ్చింది.

"కుక్కండీ. మొన్న చచ్చిపోయింది. ఈయనకి ప్రాణం."

అప్పుడే ఇంటి వెనకనుంచి లాజర్ కుక్క తోక ఊపుకుంటూ వచ్చి అధికారి బూట్లు వాసన చూసింది. అందరం దానివైపు చూశాం. ఉల్‌బోసిన్ కన్నార్పలేదు.

"ఇది రెండోది. దానికింకా తెలియదు."

అధికారి నవ్వాపుకుని లోపలికి నడిచాడు. నా గదిలో, నా మంచం పక్కన, రెండు చేతితొడుగులు నిటారుగా లేచి ఆయనకి స్వాగతం పలికాయి. తీగని పాతిన కంగారులో వాటిమీద దుప్పటి కప్పాలన్న ఊహ ఎవరికీ రాలేదు. ఆయన ఒక రబ్బరు వేలు పట్టుకుని వంచి వదిలాడు. అది మళ్ళీ లేచి నిలబడింది. ద్రాక్షరసమా, అన్నాడు. అవునన్నాం. రాగిగొట్టాలు, సారాబట్టీ ఏమైనా ఉన్నాయా, అని అడిగి, పొయ్యి వెనకా అటక మీదా చూసి, లేవని తేల్చుకున్నాడు. ఆయన వెతుకుతున్నది సారా కాచేవాళ్ళని. పెరటి ద్రాక్షతో ఆయనకి పనే లేదు. మళ్ళీ ఒకసారి వచ్చినా రావచ్చని మాటవరసకి చెప్పి వెళ్ళబోతూ, ఉల్లిపాయలు వేలాడుతున్న పందిరిని తలెత్తి చూశాడు.

"ద్రాక్ష అప్పుడే పాతేశారా? మా ఇంట్లోనూ ఉంది ఒకటి. ఇంకా ఆకే రాలలేదు."

ఆ మాట అని ఆయన వెళ్ళిపోయాడు. ఆ రోజే దిబ్బ తవ్వి తీగని పైకి తీస్తే దక్కేది. నేను చెప్పాను. ఉల్‌బోసిన్ గోడ మీంచి చెప్పింది, దానికి ఊపిరాడదు, తియ్యి, అని. లాజర్ గోడవైపు తిరిగాడు.

"కుక్కశవాన్ని తవ్వి తియ్యమంటారా కామ్రేడ్? మీరే కదా పాతించారు."

మళ్ళీ వస్తామన్నారు కదా, వస్తే ఏం చెప్పాలి, అని నాతో అనేవాడు. అది కొంత భయం. మిగతాదంతా, ఆవిడ మీద తను పడ్డ అనుమానం పనికిమాలినదని ఆ దిబ్బ తవ్వితే అందరి ముందూ ఒప్పుకున్నట్టవుతుందన్న రోషం. మనుషులు భయం వల్ల చేసిన తప్పుని తొందరగానే దిద్దుకుంటారని, రోషం వచ్చి దానిమీద కూర్చుంటే మాత్రం కదలరని నేను చాలా దేశాల్లో చూశాను.

ఆ ఏడు చలి రాలేదు. నవంబరు దాకా గోరువెచ్చటి గాలి, ఎడతెగని వాన. అలాంటి శరత్కాలం ముసలివాళ్ళకి కూడా గుర్తులేదు. దిబ్బ మీంచి సన్నగా ఆవిరి లేచేది పొద్దుటిపూట. పేడకుప్ప నుంచి లేచినట్టు. లాజర్ కిటికీలోంచి చూసి టీ గ్లాసు కింద పెట్టేసేవాడు. గోడ అవతలినుంచి మాటలు లేవు. జనవరిలో ఒక్కసారిగా చలి విరుచుకుపడింది, అప్పటికి దానివల్ల కొత్తగా పాడవడానికి ఏమీ మిగలలేదు.

ఏప్రిల్‌లో ఆప్రికాట్లు పూశాయి. మబ్బుపట్టిన రోజు కోసం లాజర్ ఆగలేదు. పొద్దున్నే పిడకలు తీసేసి మట్టి లాగాడు. నేను కంబళి ఒక కొస పట్టుకున్నాను. ముందు వాసన వచ్చింది. కంబళి కింద ఆకులన్నీ నల్లటి ముద్దగా అతుక్కుపోయి ఉన్నాయి. లాజర్ బొటనవేలితో ఒక కన్నుని తాకాడు. మసిలా రాలిపోయింది. ఇంకోటి. ఇంకోటి. మొదలు దగ్గర ఎలుకలు చుట్టూ తొక్క కొరికేశాయి, మిగిలింది వేలితో నొక్కితే బెండులా దిగిపోతోంది. ఆయన మోకాళ్ళ మీదే కూర్చుని, కత్తితో వేరుదాకా కోసుకుంటూ వెళ్ళాడు, ఎక్కడైనా పచ్చదనం కనిపిస్తుందేమోనని. ఎక్కడా లేదు.

"అమ్మ ఆ రైల్లో తన నీళ్ళు పోసింది దీనికి" అన్నాడు. కత్తి తుడుచుకుని లోపలికి వెళ్ళాడు.

ఆ రోజు సమాధికి తీసుకెళ్ళాల్సిన గ్లాసు బల్ల మీద ఉండిపోయింది. పాత ఏడు వైన్ జాడీలో ఇంకా ఉంది, పోద్దాం పద అన్నాను. తీగని నేనే చంపి దాని వైనే తీసుకెళ్ళి ఏ ముఖంతో పొయ్యను, అన్నాడు. మూడు రోజులో నాలుగు రోజులో అలాగే గడిచాయి. నా బృందం నుంచి కబురొచ్చింది, నేను బయల్దేరాలి. వదిలి వెళ్ళాలంటే కాళ్ళు రాలేదు.

ఆదివారం మబ్బు పట్టింది. గోడ మీద ఉల్‌బోసిన్ తల లేచింది. శరత్కాలం తర్వాత అదే మొదటిసారి.

"ఎవరైనా ఉన్నారా ఇంట్లో? ఒక బరువు ఎత్తాలి. నా నడుం వంగటం లేదు."

లాజర్ కదల్లేదు. నేను లేచాను. ఆవిడ నన్ను చూసి చేత్తో వద్దంది. "నువ్వు కాదయ్యా. నీకు నేలకి బొక్క పెట్టడం తప్ప ఏం వచ్చు. మరిదిని రమ్మను."

పిలుపులో ఏముందో, లాజర్ లేచాడు. ఆలుగడ్డల గొయ్యి మూత తియ్యమంటుందనుకున్నాడట. మేమిద్దరం వీధిలోంచి చుట్టూ తిరిగి ఆవిడ పెరట్లోకి వెళ్ళాం. కోళ్ళగూడు వెనక ఒక దిబ్బ ఉంది. చిన్నది, చక్కగా తీర్చినది. మీద మట్టి పగుళ్ళు లేకుండా అరచేత్తో మెత్తినట్టుంది. ఆవిడ దాని పక్కనే టీ గిన్నె, పార పెట్టుకుని కూర్చుంది.

మట్టి తీస్తే కంబళి, కంబళి తీస్తే రెల్లు. రెల్లు కింద తీగ. గోధుమరంగులో, శుభ్రంగా, ఒక్క ఆకు లేకుండా. కణుపు కణుపునా కన్ను ఉబ్బి ఉంది. ముందు ఏడు ఆవిడ బద్ధకించి అందించకుండా వంచి మట్టికప్పిన కొమ్మ, వంగిన చోట తన వేరు తను వేసుకుంది. లాజర్ గోడ దగ్గర కోసేసేసరికే దానికి తల్లితో అవసరం తీరిపోయింది. అప్పుడు ఆవిడ ఆకు పూర్తిగా రాలేదాకా ఆగింది. చలి రాని ఆ శరత్కాలంలో డిసెంబరు దాకా, మంచు తగిలేదాకా, రోజూ వెళ్ళి చూసుకుంటూ ఆగింది. అప్పుడు దెస్పీనా పక్కన కూర్చుని నేర్చుకున్నట్టే పాతింది. చెప్పలేదెందుకు అని నేను తర్వాత అడిగాను. బతుకుతుందో లేదో తెలియకుండా చెప్పి, రెండోసారి కూడా చచ్చిపోతే ఆ మనిషి తట్టుకోడని అన్నది. కామ్రేడ్లతో ఎవరు మాట్లాడతారని కూడా అన్నది.

లాజర్ కత్తి తీశాడు. కొస దగ్గర సన్నగా ఒక ముక్క కోశాడు. కోసిన చోట పచ్చగా ఉంది. చూస్తుండగానే ఒక నీటిచుక్క ఊరి, నిండి, కింద పడింది. ఆ వెనకే ఇంకోటి. వసంతంలో కోసిన ద్రాక్ష అలా కారుతుంది, ఏడుస్తోందంటారు అన్ని దేశాల్లోనూ. లాజర్ అరచెయ్యి దాని కింద పట్టాడు. చెయ్యి తడిసేదాకా పట్టుకునే ఉన్నాడు. ఆ తడితోనే ముఖం తుడుచుకున్నాడు.

"వదినా" అన్నాడు.

ఉల్‌బోసిన్ పక్కకి తిరిగి గూటిలోంచి బయటపడ్డ కోడిని అదిలించింది. తిరిగి వచ్చాక గొంతు మామూలుగానే ఉంది.

"తీగ మటుకు ఇవ్వను. నా నేలలో వేరు పట్టింది, నాది. కావాలంటే నువ్వే వచ్చి పందిరి వేసుకో. కందిరీగలు నీ వాటా."

లాజర్ ఇంటికెళ్ళి, బల్ల మీద మిగిలిపోయిన గ్లాసు కడిగి, జాడీలోంచి నింపి తెచ్చాడు. సమాధికి ముగ్గురం వెళ్ళాం. దారిలో ఇద్దరూ పందిరి ఏ దిక్కుకి ఉండాలన్న దానిమీద పోట్లాడుకుంటూనే నడిచారు.

తర్వాత గోడలో ఒక చోట ఇటుకలు తీసి సందు చేశాడు లాజర్. తీగ పోవడానికట. తీగకి గోడ మీంచి పోవడం తెలుసు, ఆ సందు మనిషి ఒంగి దూరడానికి సరిపోయేంత ఉంది. నా ఎత్తు మనిషైతే తల బాదుకుంటాడు, నేను చాలాసార్లు బాదుకున్నాను. నాలుగో ఏడు ఆ తీగకి ఆరు గుత్తులు వచ్చాయి. ఒక సీసా కూడా నిండలేదు. ఆ సీసా మూతికి కట్టడానికి రబ్బరు తొడుగు పెద్దదైపోతే, బొటనవేలు మాత్రం కత్తిరించి కట్టాడు. అది కిటికీలో ఒంటివేలు ఎత్తి నిలబడింది.

ఆ దేశం ముక్కలయ్యాక నేనెటెటో వెళ్ళాను. మళ్ళీ అక్‌బులాక్ వచ్చేసరికి లాజర్ పోయి రెండు చలికాలాలు గడిచాయి. స్టేషన్ నుంచి నేరుగా అటే నడిచాను. ఆప్రికాట్లు పూసి ఉన్నాయి. పెరట్లో తీగ అప్పటికే నేలమీంచి లేచి పందిరెక్కింది. ఇప్పుడది రెండు పెరళ్ళనీ కప్పేసింది. ఉల్‌బోసిన్ సమాధులకి బయల్దేరుతోంది. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు, దీన్ని పట్టుకో, అని టీ ఫ్లాస్కు నా చేతిలో పెట్టింది. వైన్ సీసా మాత్రం తనే పట్టుకుంది. బట్టలు తడుపుతుందేమోనని పరాయి పసిబిడ్డని దూరంగా ఎత్తుకున్నట్టు, రెండు చేతులూ చాపి.

దెస్పీనా మీద కొంత పోసింది. పక్కనే లాజర్ మీద కొంచెం ఎక్కువే పోసింది. రాతిమీద ఆయన పేరు చెక్కి ఉంది. ఆవిడ దానిని తలరుమాలు కొసతో తుడిచింది గానీ చదవలేదు.

"బకెట్టు మరిదీ," అని మొదలుపెట్టింది. కందిరీగల గురించి చెప్పింది. గోడలో సందు వానకి ఇంకా పెద్దదైందని, కోళ్ళన్నీ ఆయన పెరట్లోనే గుడ్లు పెడుతున్నాయని చెప్పింది. నిరుడు ఆకు రాలడం ఆలస్యమైతే ఎవరెంత తొందరపెట్టినా ఆగానని చెప్పింది. చెప్పడం అయ్యాక నా చేతిలోంచి ఫ్లాస్కు తీసుకుని గిన్నెలోకి టీ వంచుకుంది. తాగే ముందు దాన్ని రాతివైపు ఎత్తి పట్టుకుంది.

"నాది నీదానికంటే నల్లగా ఉంది చూడు."